రోబోటిక్ సర్జరీ: రోగి భద్రతను కొలిచేదెలా?

రోబోటిక్ సర్జరీలో ఆపరేషన్ చేసేది సర్జనే. కాకపోతే రోగి పక్కన నిలబడే బదులు నాలుగడుగుల అవతల కన్సోల్ ముందు కూర్చుంటారు. వారి వేళ్ల కదలికలను యంత్రం కుదించి, వణుకును వడగట్టి, చిన్న రంధ్రాల గుండా రోగి పొట్టలోకి దించిన పరికరాల కొసలకు చేరవేస్తుంది. కెమెరా లోపలి అవయవాలను లోతు తెలిసేలా పెద్దవి చేసి చూపిస్తుంది. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే గాటు చిన్నది, రక్తం పోవడం తక్కువ, ఇంటికి వెళ్లడం తొందరగా. ఇంతవరకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి ప్రశ్న మీదే. ఈ పద్ధతిలో రోగికి వచ్చే ముప్పును ఎవరు కనిపెట్టి ఉండాలి, దేన్ని లెక్కపెట్టాలి, ఎంతకాలం లెక్కపెట్టాలి?

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడిది దూరపు ప్రశ్న కాదు. మొదట హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే కనిపించిన ఈ యంత్రాలు 2023లో ప్రభుత్వ రంగంలోని నిమ్స్‌కూ, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ వచ్చాయి. నిమ్స్ యంత్రం ఖరీదు సుమారు 35 కోట్ల రూపాయలు. ఆరోగ్య బీమా పాలసీలు రోబోటిక్ సర్జరీని పూర్తిగా మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో నిర్దేశించింది. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట లాంటి తీర గ్రామం నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లిన రోగిని కూడా ఇక ముందు డాక్టర్లు ‘మామూలుగా చేయమంటారా, రోబోతోనా’ అని అడుగుతారు. జవాబు చెప్పడానికి ఆ రోగి చేతిలో ఏ సమాచారం ఉంటుందన్నదే పర్యవేక్షణ చర్చకు అసలు కొలత.

యంత్రం ముందు, నియమం వెనుక

ఆపరేషన్ గదిలో రోబో చేయి తొలిసారి కనిపించింది 1985లో. ప్యూమా 560 అనే పారిశ్రామిక యంత్రాన్ని అమెరికాలో మెదడు బయాప్సీ సూదిని గురిపెట్టడానికి వాడారు. 1992లో రోబోడాక్ అనే యంత్రం తుంటి మార్పిడిలో ఎముకను తొలిచింది. నేటి పద్ధతికి మూలమైన డా విన్చీ యంత్రానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000 జూలైలో అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరు 7న న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్లు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయం తీసేశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మూత్రవ్యవస్థ ఆపరేషన్లకు రోబో వాడకం 2006లో మొదలైంది. గురుగ్రామ్‌లో తయారయ్యే ఎస్‌ఎస్‌ఐ మంత్ర 2022లో బయటికొచ్చాక భారత్‌లో యంత్రం ధర దిగింది, వాడే ఆసుపత్రులు పెరిగాయి.

చిక్కుముడి మొదలైంది 2000 నాటి అనుమతి తీరులోనే. అప్పటికే బజారులో ఉన్న కీహోల్ (చిన్న రంధ్రాల) ఆపరేషన్ పరికరాలతో దాదాపు సమానమని చూపితే సరిపోయే దారిలో ఈ యంత్రాన్ని ఒప్పుకున్నారు. ఫలానా క్యాన్సర్ రోగి దీనివల్ల ఎక్కువకాలం బతుకుతాడా అన్నది ఆ పరీక్షలో లేని ప్రశ్న. మందుకైతే మనుషుల మీద దశలవారీ పరీక్షలు తప్పవు. శస్త్రచికిత్స పరికరానికి ఆ గడప దాటాల్సిన పని లేకపోయింది. కాబట్టి ముందు అడగాల్సినవన్నీ వాడకం మొదలయ్యాక అడగాల్సి వచ్చింది.

ముప్పు ఎక్కడ పుడుతుంది?

యంత్రం ఆగిపోవడమే పెద్ద ప్రమాదమని చాలామంది అనుకుంటారు. అలా ఆగితే అందరికీ తెలుస్తుంది. చేతులు విప్పి యంత్రాన్ని వెనక్కి జరిపి, పొట్ట కోసి ఆపరేషన్ ముగిస్తారు. ఆ విప్పడం కొన్ని క్షణాల్లో జరగాలంటే పరికరాలను నిటారుగా చేసి బయటికి లాగేది ఎవరు, బండిని వెనక్కి నెట్టేది ఎవరు, కత్తి అందించేది ఎవరు అని ముందే సాధన చేసి ఉండాలి. రక్తనాళం తెగినప్పుడు సర్జన్ ఇంకా కన్సోల్ దగ్గరే ఉంటారు, చేతికి గ్లవ్స్ కూడా ఉండవు. ఆ నిమిషంలో రోగి ప్రాణం పక్కన నిలబడ్డ సహాయక సర్జన్, నర్సు, మత్తు డాక్టర్ల చేతిలో ఉంటుంది.

కనబడని ప్రమాదం వేరే ఉంది. కణజాలాన్ని కోస్తూనే రక్తాన్ని గడ్డకట్టించే కరెంటు కత్తెరకు కొస దాకా ఒక తొడుగు ఉంటుంది. కరెంటు పక్కలకు పాకకుండా కాచేది అదే. 2013లో డా విన్చీ కత్తెర కాడకు కొస దగ్గర కంటికి ఆనని సన్నని పగుళ్లు వస్తున్నాయని తయారీదారే ఆసుపత్రులను హెచ్చరించాల్సి వచ్చింది. ఆ పగులు గుండా పోయిన కరెంటు పక్కనున్న పేగును కాల్చినా కెమెరా చూపు ఆ పక్కన లేకపోతే ఎవరికీ కనిపించదు. ఆపరేషన్ చక్కగా జరిగిందని రాస్తారు. మూడో రోజున రోగి ఇంటికి వెళతాడు. కాలిన చోట పేగు నెమ్మదిగా చచ్చుబడి, కొన్ని రోజుల తర్వాత చిల్లుపడి, జ్వరం, పొట్ట ఉబ్బరం, నొప్పి మొదలవుతాయి. ఆసుపత్రి కాగితాల్లో ఆ ఆపరేషన్ అప్పటికే విజయం కింద జమయి ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాత డా విన్చీ యంత్రాల్లో స్పర్శ లేదు. కుట్టు ఎంత బిగిసిందో కంటితో చూసి పోల్చుకోవాలి. ఆ శ్రేణిలో బలం తెలిపే పరికరాలు 2024లో వచ్చిన డా విన్చీ 5తో గానీ అందలేదు. ప్రోస్టేట్ ఆపరేషన్‌లో రోగిని 25 నుంచి 30 డిగ్రీల దాకా తల కిందికి వంచి గంటల తరబడి ఉంచుతారు కాబట్టి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, ముఖం వాస్తుంది. మోకీళ్ల రోబో ఇంకో జాతి. అది ముందే గీసిన పథకం ప్రకారం ఎముక కోతకు హద్దు కాస్తుంది, కొన్నయితే స్వయంగా కోస్తాయి. పొట్ట ఆపరేషన్ల ముప్పును కొలిచే కొలతలు దానికి కుదరవు.

దోషాల చిట్టా రాసే దారి

పర్యవేక్షణలో అన్నిటికన్నా పాత ఆలోచన ఇది: యంత్రం పొరపాటు చేసినప్పుడల్లా నియంత్రణ సంస్థకు రాయాలి. ఎఫ్‌డీఏ దగ్గర మాడ్ అనే బహిరంగ చిట్టా ఉంది. 2000 నుంచి 2013 దాకా అందులోకి ఎక్కిన రోబోటిక్ సర్జరీ నివేదికలను పరిశోధకులు విడమరిచి చూస్తే 10,624 తేలాయి. వాటిలో 144 మరణాలు, 1,391 గాయాలు, 8,061 యంత్ర లోపాలు. కాలిన లేదా విరిగిన ముక్కలు రోగి శరీరంలో పడటం, కరెంటు నిప్పురవ్వలు, పరికరం సర్జన్ అనుకోని విధంగా కదలడం, కెమెరా బొమ్మ పోవడం లాంటివి ఆ లోపాలు. గుండె, ఛాతీ, తల, మెడ ఆపరేషన్లలో నష్టం పాలు గర్భసంచి, మూత్రవ్యవస్థ ఆపరేషన్ల కన్నా ఎక్కువగా కనిపించింది.

ఈ అంకెలు చూసి బెదరడమూ తప్పే, తేలిగ్గా తీసుకోవడమూ తప్పే. 2007–2013 మధ్య అమెరికాలో 17 లక్షలకు పైగా రోబోటిక్ ఆపరేషన్లు జరిగాయి. ఆ వరుసలో నిలబెడితే మరణాలు తక్కువ. అయితే చిట్టాలోకి రానివి ఎన్ని? పత్రికల్లోనూ కోర్టు కాగితాల్లోనూ కనబడిన కొన్ని కేసులు ఎఫ్‌డీఏకు ఆలస్యంగా చేరాయనో, అసలు చేరలేదనో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2013లో చూపారు. ఎన్ని పడవలు వేటకు వెళ్లాయో రాయకుండా ఎన్ని తిరగబడ్డాయో మాత్రమే రాసుకున్న పుస్తకం లాంటిది ఈ చిట్టా. కొత్త రకం లోపాన్ని పసిగట్టడానికి దీన్ని మించింది లేదు. ఏ పద్ధతి మేలో తేల్చడానికి మాత్రం ఇది పనికిరాదు. కత్తెర పగుళ్ల సంగతిని పట్టించగలిగేది ఇలాంటి నివేదికలే కాబట్టి రాయడం మానుకుందామనే వాదన నిలవదు.

పక్కపక్కన పెట్టి పోల్చే దారి

రెండో బృందం యంత్రాన్ని వదిలేసి ఫలితాన్ని అడుగుతుంది: ఒకే జబ్బున్న రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి, ఒకరికి రోబోతో, ఇంకొకరికి పాత పద్ధతిలో చేస్తే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద జరిగి 2016లో వెలువడ్డ పరీక్షలో 12 వారాల నాటికి మూత్రం మీద అదుపు, లైంగిక సామర్థ్యం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. మలాశయ క్యాన్సర్ మీద 471 మందితో జరిపిన రోలార్ పరీక్ష 2017లో వచ్చింది. మధ్యలో పొట్ట కోయాల్సి రావడం రోబో గుంపులో 8.1 శాతం, కీహోల్ గుంపులో 12.2 శాతం. గణాంకపరంగా ఆ తేడాను నిర్ధారించలేకపోయారు. బ్రిటన్‌లో మూత్రాశయ క్యాన్సర్ మీద జరిగిన పరీక్ష 2022లో రోబో వైపు కొద్దిగా మొగ్గింది. 90 రోజుల్లో ఆసుపత్రి బయట గడిపినవి రోబో గుంపులో 82 రోజులు, పొట్ట కోసిన గుంపులో 80. మోకీళ్ల మార్పిడిలో దక్షిణ కొరియా సర్జన్లు కనీసం పదేళ్లు వెంబడించి 2020లో ప్రకటించిన ఫలితంలో రోబో వాడినా వాడకపోయినా కీలు మన్నికలో తేడా లేదు.

వీటన్నిటి కన్నా కలవరపెట్టింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష. భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే కనుక దీనికి మన దగ్గర ప్రత్యేకంగా విలువ ఉంది. 631 మంది మీద జరిగిన ఈ పరీక్ష 2018లో వెలువడింది. నాలుగున్నరేళ్ల నాటికి వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు పొట్ట కోసి చేసిన గుంపులో 96.5 శాతం, చిన్న రంధ్రాలతో చేసిన గుంపులో 86 శాతం. ఆ రెండో గుంపులో రోబోతో చేసినవి ఆరో వంతు కన్నా తక్కువ, మిగతావి మామూలు కీహోల్. అందువల్ల తప్పు రోబోదేనని ఈ పరీక్ష చెప్పలేదు. అయినా 2019 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ స్త్రీల క్యాన్సర్లలో ఈ యంత్రాల వాడకం గురించి హెచ్చరిక విడుదల చేసింది. రోబోనే విడిగా పరీక్షించే ప్రయత్నాలు ఆ తర్వాత మొదలయ్యాయి.

ఇక్కడ నేర్చుకోవాల్సింది కాలం గురించి. ముప్పయ్యో రోజున లెక్క మూసేస్తే రెండు గుంపుల మధ్య ఈ తేడా కనిపించేదే కాదు. నష్టం కనబడింది ఏళ్ల తర్వాత. క్యాన్సర్ ఆపరేషన్‌కు నెల రోజుల భద్రతా నివేదిక చూపి సురక్షితమని చెప్పడం రోగిని తప్పుదారి పట్టించడమే.

చేయి తిరగడాన్ని కొలిచే దారి

మూడో వాదం సర్జన్లదే: యంత్రం మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా దాన్ని నడిపే చేతికి ఎంత అలవాటుందో అడగాలి. 2015 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని న్యూకాసిల్, ఫ్రీమన్ ఆసుపత్రిలో రోబోతో గుండె కవాటం సరిచేసిన ఒక రోగి కొన్ని రోజులకే చనిపోయారు. సర్జన్‌కు రోబో మీద తగినంత శిక్షణ లేదని, పర్యవేక్షించాల్సిన నిపుణులు ఆపరేషన్ ముగియకముందే వెళ్లిపోయారని 2018 నవంబరులో జరిగిన విచారణలో బయటపడింది. పాత పద్ధతిలో చేసి ఉంటే ఆ రోగి బహుశా బతికేవారని మరణ కారణాన్ని విచారించే అధికారి (కరోనర్) తేల్చారు.

ఈ బృందం చూపే పనిముట్టు చాలా తేలికైనది. ప్రతి ఆపరేషన్‌కు ముందు ఆ రోగి వయసు, జబ్బు తీవ్రతను బట్టి ఎంత ముప్పు ఉందో అంచనా రాస్తారు. తర్వాత వచ్చిన ఫలితాన్ని దానితో పోలుస్తారు. అనుకున్నదానికన్నా చెడ్డగా జరిగితే గీత పైకి, మెరుగ్గా జరిగితే కిందికి. గీత ఒక హద్దు దాటితే ఆపి చూడాలి. కుసమ్ పటం అంటే ఇదే. బరువైన కేసులు చేసే సర్జన్‌కు అన్యాయం జరగకుండా, వరుసగా జరుగుతున్న పొరపాట్లు మరుగున పడకుండా రెండు పక్కలా కాస్తుంది. పటం గీయడానికి కావాల్సింది పెన్సిలు, గళ్ల కాగితం. లేనిది చూపించే ఇష్టమే. సాయపడుతున్న నిపుణుడు పక్కన ఉన్నంతకాలం ఎన్ని కేసులు, ఆ తర్వాత స్వతంత్రంగా ఎన్ని అన్నది ఆసుపత్రులే నిర్ణయించుకుంటున్నాయి. సంఖ్య పూర్తయిందా అని చూడటం కన్నా నైపుణ్యం వచ్చిందా అని పరీక్షించాలనే మాట ఇప్పుడు బలపడుతోంది.

రోగిని వెంబడించే దారి

నాలుగోది రిజిస్ట్రీ. జరిగిన ప్రతి ఆపరేషన్ ఒక జాబితాలోకి ఎక్కుతుంది, మంచిదైనా చెడ్డదైనా. 2009లో రూపుదిద్దుకున్న ఐడియల్ చట్రం కొత్త శస్త్రచికిత్సను ఆలోచన దశ నుంచి దీర్ఘకాల పరిశీలన దాకా మెట్లుగా విభజించింది. 2024లో ఆ చట్రాన్ని ప్రత్యేకంగా రోబోలకు విస్తరించారు. అందులో సర్జన్ శ్రమ, బృందం పనితీరు, ఖర్చు, అందుబాటు కూడా భద్రతతో పాటు లెక్కలోకి వచ్చాయి.

రిజిస్ట్రీ లేకపోతే ఏమవుతుందో భారత్‌కు బాగా తెలుసు. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డెప్యూ తయారుచేసిన ఏఎస్‌ఆర్ తుంటి కీలును 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. భారత్‌లో అప్పటికి సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. ఆ తర్వాత హెల్ప్‌లైన్ ద్వారా జాడ దొరికింది 1,080 మందిది. మిగిలినవారు ఎవరో, ఎక్కడున్నారో తేలలేదు. అది రోబో కాదు, శరీరంలో ఉండిపోయే లోహం. దాని జాడే దొరకలేదంటే, ఆపరేషన్ అయ్యాక శరీరంలో ఏ గుర్తూ మిగల్చని యంత్రం చేసిన మేలునూ కీడునూ జాబితా లేకుండా వెతకడం మరీ కష్టం.

ఐదో ఆలోచన ఇంకా లేతది. యంత్రం తనంతట తానే ప్రతి కదలికనూ నమోదు చేస్తుంది. వీడియో ఉంటుంది, పరికరం ఎన్నిసార్లు వాడారో చిప్ లెక్కపెడుతుంది. విమానాల్లోని బ్లాక్ బాక్స్ లాంటి పద్ధతిని ఆపరేషన్ గదికి తేవాలని టొరంటో సర్జన్లు ప్రయత్నించారు. ఇంత వివరం ఏ మనిషి జ్ఞాపకమూ ఇవ్వలేదు. కాకపోతే యంత్రం చేతులు విప్పగానే ఆ రికార్డు ఆగిపోతుంది.

ఐదింటినీ కలిపి చూస్తే ఒకటి స్పష్టం. చిట్టా లోపాన్ని పట్టిస్తుంది గానీ నిష్పత్తి చెప్పదు. పోలిక పరీక్ష నిష్పత్తి చెబుతుంది గానీ అది ముగిసేసరికి యంత్రం మారిపోయి ఉంటుంది, పైగా అందులో పాల్గొనేది చేయి తిరిగిన సర్జన్లు. కుసమ్ ఒక సర్జన్‌ను చూస్తుంది, రిజిస్ట్రీ అందరినీ చూస్తుంది గానీ నింపేవారి నిజాయితీ మీద ఆధారపడుతుంది. వీటిలో భారత్‌కు అత్యవసరం రిజిస్ట్రీ. అదీ యంత్రం బ్రాండును బట్టి కాకుండా ఆపరేషన్ పేరును బట్టి ఉండాలి. రోబోతో చేసినవీ చేయనివీ ఒకే జాబితాలో ఉంటేనే పోలిక పుడుతుంది.

భారత్‌లో ఉన్నదేమిటి?

పరికరాల వల్ల కలిగే కీడును నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జూలై 6న మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టర్, నర్సు, బయోమెడికల్ ఇంజినీర్, టెక్నీషియన్, రోగి ఎవరైనా ఫారం నింపవచ్చు. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చి 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. ఎక్కువ ముప్పున్న పరికరాలకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి. తీవ్రమైన ఊహించని కీడు గురించి తెలిస్తే లైసెన్సుదారు 15 రోజుల్లో తెలపాలి. ఆసుపత్రుల వైపు నుంచి రాయడం మాత్రం ఎక్కువగా ఇష్టాపూర్వకమే.

విశాఖ పెదగంట్యాడలో 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీకీ పరీక్షలకూ కేంద్రమైంది. తయారీ నాణ్యతకు దగ్గర్లోనే ఇంత వసతి ఉంది. వాడాక జరిగేది చూసే వసతి అదే స్థాయిలో లేదు. పైగా ఫారం అడిగేది పరికరం గురించి. పేగు కాలడం పరికరం తప్పా, సర్జన్ చేయి తప్పా అన్నది తేలకపోతే ఎవరూ రాయరు. రోబోటిక్ సర్జరీలో జరిగే కీడులో పెద్ద భాగం సరిగ్గా ఈ సందులోనే పడుతుంది. తప్పు ఎవరిదో తేలాకే రాయాలన్న అలవాటు పోయి, కీడు జరిగితే రాయాలన్న అలవాటు రావాలి.

ఇంటికి వెళ్లాక

రాజయ్యపేట లాంటి మత్స్యకార గ్రామానికి ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన మనిషికి ఆరో రోజున జ్వరం వస్తే ముందు పిలిచేది ఊళ్లోని ఆర్‌ఎంపీని. తగ్గకపోతే నక్కపల్లి ప్రభుత్వాసుపత్రి, అక్కడి నుంచి 108లో అనకాపల్లి, మరీ విషమిస్తే విశాఖ కేజీహెచ్. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఈ సంగతి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. కేజీహెచ్ కేస్ షీటులో అది పేగుకు చిల్లు, ప్రైవేటు ఆసుపత్రి రికార్డులో అది కోలుకున్న కేసు. రెండు కాగితాలూ నిజమే రాశాయి, రెండూ కలవలేదు.

దూరమే కాదు, పని కూడా అడ్డం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం తప్ప మిగతా కాలంలో కూలి వదులుకుని చెకప్‌కు విశాఖ వెళ్లడం మత్స్యకారుడికి భారం. బాగున్నవాళ్లు రారు, చాలా బాధపడుతున్నవాళ్లు దగ్గర్లోని ఇంకో చోటికి వెళతారు. దాంతో ఆసుపత్రి చేతిలో ఉన్న తొంభై రోజుల ఫలితం వచ్చినవాళ్ల ఫలితమే అవుతుంది. ముప్పయ్యో రోజున, తొంభయ్యో రోజున తెలుగులో ఒక ఫోన్: జ్వరం వచ్చిందా, ఇంకో ఆసుపత్రిలో చేరారా, మళ్లీ ఆపరేషన్ అయిందా? డిశ్చార్జి కాగితం మీద ‘రోబోటిక్’ అన్న మాట, యంత్రం పేరు, పిలవాల్సిన నంబరు. ఆశా కార్యకర్తకు ఒక వాక్యం సమాచారం. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు రెండు ఆసుపత్రుల కాగితాలను కలపడానికి దారి చూపుతుంది. ఇందులో 35 కోట్ల యంత్రం కొన్నవారికి భారమయ్యేది ఏదీ లేదు.

తేలని సంగతులు

సమ్మతి పత్రంలో ఏముండాలి? చికిత్స గురించి తగినంత సమాచారం ఇచ్చాకే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చెప్పింది. ఈ సర్జన్ రోబోతో ఇంతకుముందు ఎన్ని చేశారు, మామూలు పద్ధతితో పోలిస్తే నిరూపితమైన లాభం ఏమిటి అన్నవి ఆ ‘తగినంత’లోకి వస్తాయా అన్నదాని మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. రోగి తరఫున చూస్తే రావాలి.

యంత్రం నమోదు చేసిన కదలికలు, వీడియో ఎవరి సొత్తు? తయారీదారు దగ్గరే ఉంటే స్వతంత్ర పరిశీలన కుదరదు. కోర్టుకు వెళతాయన్న భయం ఉంటే సర్జన్లు రికార్డింగే ఆపేస్తారు. నేర్చుకోవడానికి వాడే రికార్డుకు చట్టరక్షణ ఇవ్వాలనేవారు ఒక వైపు, అదే రోగికి ఉన్న ఒకే సాక్ష్యమనేవారు ఇంకో వైపు.

దూరం నుంచి చేసే ఆపరేషన్ల చిక్కు ఇంకా పెద్దది. 2025 జనవరిలో మంత్ర యంత్రంతో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్ రోగికి గుండె ఆపరేషన్ చేశారు. యంత్రానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మాత్రం దూరం నుంచి చేసే శస్త్రచికిత్సను తమ పరిధి నుంచి తీసేశాయి. సర్జన్ ఒక రాష్ట్రంలో, రోగి ఇంకో రాష్ట్రంలో ఉండి ఆపరేషన్ మధ్యలో లైన్ తెగితే రోగి పక్కనున్న డాక్టర్‌కు ఏ స్థాయి నైపుణ్యం ఉండాలో, జరిగిన కీడును ఏ ఆసుపత్రి నమోదు చేయాలో, ఏ రాష్ట్ర వైద్య మండలి విచారించాలో ఆ మార్గదర్శకాల్లో జవాబు లేదు. హైదరాబాద్ సర్జన్ విశాఖ మన్యంలోని రోగికి ఆపరేషన్ చేయగల రోజు సాంకేతికంగా దగ్గరపడింది కాబట్టి ఈ మూడింటికీ జవాబు యంత్రం అక్కడికి చేరకముందే రాయాల్సి ఉంది.